వయసు అడిగితే కాగితం అడగండి

పనిచోట చిక్కులపై పాఠకుల ప్రశ్నలకు బరంపురం కార్మిక న్యాయవాది జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒక్క మాట చుట్టూనే తిరిగాయి: "మీకు వయసైపోయింది." రాసినవారి పేర్లు, యజమానుల పేర్లు తీసేశాను. పనిలో ఉన్నవారి పేరు పత్రికలో వస్తే ఉన్న చిక్కుకు ఇంకొకటి తోడవుతుంది.

ప్రశ్న: లాయరమ్మ గారికి నమస్కారం. నా వయసు 47. మాది ఇచ్ఛాపురం దగ్గర పల్లె, పెళ్లయి బరంపురం వచ్చాను. ఇక్కడ ఒక చీరల దుకాణంలో 14 ఏళ్లుగా పట్టుచీరల కౌంటరు చూస్తున్నాను. పెద్దాయన ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. దసరా నుంచి ఆయన కొడుకు కూర్చుంటున్నాడు. దుకాణానికి కొత్త అద్దాలు, లైట్లు పెట్టించి, "కింద కుర్రమొహాలు ఉండాలి, మీరు పైన సరుకు గదిలో స్టిక్కర్లు అంటించండి" అన్నాడు. అమ్మకాల మీద వచ్చే కమీషన్ పోయింది, జీతం 11,000 మాత్రం ఇస్తున్నాడు. కిందటి నెల ఒడియాలో టైపు చేసిన కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మా అబ్బాయితో చదివించుకుంటానంటే కాగితం లాక్కున్నాడు. "నువ్వు సూపర్‌వైజరువి, నీకు లేబర్ చట్టాలు వర్తించవు" అని కూడా అన్నాడు. వయసు చూసి ఇలా పక్కన పెట్టడం నేరం కాదా?

జవాబు: అమ్మా, సంతకం పెట్టలేదు కదా, సగం కేసు మీ చేతిలోనే ఉంది. చూడకుండానే చెబుతున్నాను, ఆ కాగితంలో "సొంత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను" అని ఉంటుంది. ఈ ఊళ్లో తెలుగువాళ్ల చేత ఒడియాలో, ఒడియావాళ్ల చేత ఇంగ్లీషులో రాజీనామాలు రాయించుకోవడం నేను నల్లకోటు వేసుకున్న నాటి నుంచీ చూస్తున్నాను.

మీ ప్రశ్నకు సూటి జవాబు మీకు నచ్చదు. మన దేశంలో ప్రైవేటు ఉద్యోగంలో వయసు వివక్షను నేరమని చెప్పే ప్రత్యేక చట్టం లేదు. రాజ్యాంగం 15, 16 అధికరణాలు మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అంటూ వరసగా చెబుతాయి. ఆ వరసలో వయసు కనిపించదు. ఉద్యోగాల్లో వివక్ష గురించి 1958లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ఒడంబడికను మనం 1960లోనే ఒప్పుకున్నాం. అందులో పేర్కొన్న కారణాల్లోనూ వయసు లేదు. 1981లో ఎయిర్ ఇండియా విమాన పరిచారికల కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. వాళ్లను 35 ఏళ్లకే ఇంటికి పంపేవారు. విమానంలో పనిచేసే మగ సిబ్బంది మాత్రం 58 దాకా ఉండేవారు. మొదటి గర్భం రాగానే ఉద్యోగం పోవాలన్న నిబంధనను కోర్టు కొట్టేసింది. పొడిగింపు ఇవ్వడం, ఇవ్వకపోవడం మేనేజింగ్ డైరెక్టరు ఇష్టమన్న నిబంధనను కూడా కొట్టేసింది. 35 అనే అంకె జోలికి మాత్రం పోలేదు. కుర్రమొహం కావాలనే కోరిక మీ దుకాణంలో కొత్తగా పుట్టిందేమీ కాదు.

వయసు పేరుతో కొట్లాడటానికి లేనప్పుడు దేని మీద కొట్లాడతాం? పద్ధతి మీద. మిమ్మల్ని పంపించాలంటే యజమాని కొన్ని పనులు చేసి తీరాలి. 2025 నవంబరు 21 నుంచి పాత పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. ఏడాది దాటి పనిచేసిన కార్మికురాలిని తగ్గించుకోవాలంటే ఒక నెల ముందు కారణం చూపి లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. ప్రభుత్వానికి తెలియజేయాలి. కొత్త కోడ్‌లో మరో 15 రోజుల వేతనం నైపుణ్యాల నిధి పేరుతో మీ ఖాతాలో పడాలి. అన్నిటికంటే మీకు పనికొచ్చేది ఇంకొకటి ఉంది. ఒకే రకం పని చేసేవారిలో ఎవరినైనా తగ్గించాలంటే మామూలుగా చివర చేరినవారిని ముందు తగ్గించాలి. అలా చేయకపోతే కారణం రాతలో పెట్టాలి. 14 ఏళ్ల మీరు పోయి, నిన్న చేరిన అమ్మాయి ఉండాలంటే ఆయన కాగితం మీద ఏమి రాస్తాడు? "ఈమె మొహం పాతది" అని రాయలేడు. ఇవన్నీ తప్పించుకోవడానికే ఆయనకు మీ రాజీనామా కావాలి. మీరే మానేస్తే నోటీసు అక్కర్లేదు, పరిహారం అక్కర్లేదు, కారణం అసలే అక్కర్లేదు.

సూపర్‌వైజరు మాటకు బెదరకండి. చట్టం చూసేది చేసే పనిని, బిళ్ల మీద రాసిన హోదాను కాదు. మీరు రోజంతా చీరలు విప్పి చూపి, మడతపెట్టి, బిల్లు రాయించారే తప్ప ఎవరికీ సెలవు మంజూరు చేయలేదు, ఎవరినీ పనిలోంచి తీయలేదు. నిజంగా సూపర్‌వైజరే అనుకున్నా కొత్త కోడ్‌లో నెలకు 18,000 దాటితేనే కార్మికుల లెక్కలోంచి బయటికి పోతారు. మీది 11,000.

ఇక కమీషన్ సంగతి. వేతనంలో, దాన్ని చెల్లించే తీరులో కార్మికుడికి నష్టం కలిగే మార్పు చేయాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మీకు ఇవ్వలేదు. అర్హతతో నిమిత్తం లేకుండా ఒక జట్టు వైపు పక్షపాతం చూపడం, సాకులతో సాధించి పంపించడం కూడా అనుచిత కార్మిక పద్ధతుల జాబితాలో ఉన్నాయి.

ఈ వారంలోనే చేయవలసింది చెబుతాను. ఒక పాత డైరీ తీసుకుని దసరా నుంచి జరిగినవి గుర్తున్నంతవరకు తేదీలతో రాయండి. ఎవరు ఏ మాట అన్నారో, పక్కన ఎవరున్నారో రాయండి. "కుర్రమొహాలు" అన్న మాట ఆయన నోటివెంట వచ్చినట్టుగానే ఉండాలి, మీరు సంస్కరించవద్దు. కమీషన్ పడిన నెలల బ్యాంకు పాస్‌బుక్కు పేజీలు ఫొటో తీసి మీ అబ్బాయి ఫోనులో పెట్టండి. తరువాత తెలుగులోనైనా సరే యజమానికి ఒక ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి. ఫలానా తేదీ నుంచి నన్ను కౌంటరు నుంచి తీశారు, కమీషన్ ఆపారు, కారణం తెలియజేయండి, నేను రాజీనామా చేయడం లేదు — ఇంతే చాలు. పోస్టాఫీసు రసీదు పోగొట్టుకోవద్దు. అరిచి గొడవపడినా, కోపంతో మానేసి ఇంట్లో కూర్చున్నా "చెప్పకుండా పని వదిలేసింది" అని రాసుకుంటారు. రోజూ వెళ్లండి, స్టిక్కర్లు అంటించండి, హాజరు వేయించుకోండి.

మళ్లీ కాగితం తెస్తే చదివించుకునే దాకా పెట్టనని చెప్పండి. ఒకవేళ బలవంతంగా పెట్టించారే అనుకోండి, ఆరోజే "ఒత్తిడితో పెట్టిన సంతకం, రాజీనామాను వెనక్కి తీసుకుంటున్నాను" అని పోస్టు చేయండి. ఇష్టపూర్వకంగా ఇవ్వనిది రాజీనామా కాదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. ఎంత త్వరగా అడ్డం తిరిగితే అంత బలం.

పని నుంచి తీసేస్తే జిల్లా కార్మిక అధికారికి దరఖాస్తు ఇవ్వండి. ఆయన రాజీకి పిలుస్తారు. 45 రోజుల్లో తేలకపోతే మీరే నేరుగా ట్రిబ్యునల్‌కు, అంటే కార్మిక వివాదాలు తేల్చే న్యాయస్థానానికి, వెళ్లవచ్చు. తీసేసిన నాటి నుంచి రెండేళ్లలోపు వెళ్లాలి. పాత చట్టంలో మూడేళ్లుండేది, ఆ లెక్క చెప్పి కాలయాపన చేయించేవారి మాట వినవద్దు. లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లందరికీ జిల్లా న్యాయసేవల సంస్థ ఉచితంగా లాయరును పెడుతుంది. ఫోను నంబరు 15100.

ఒకవేళ ఇదంతా పడలేక మీరే వెళ్లిపోదామనుకున్నా గ్రాట్యుటీ, అంటే పనిచేసిన ఏళ్లను బట్టి మానేటప్పుడు యజమాని ఇవ్వవలసిన డబ్బు, వదులుకోవద్దు. పది మంది లేదా అంతకు మించి పనిచేసే దుకాణమైతే, అయిదేళ్లు నిండినవారికి రాజీనామా చేసినా అది వస్తుంది. నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, మళ్లీ 14 ఏళ్లతో గుణిస్తే మీకు దాదాపు 88,800 రూపాయలు. అది చిన్నబాబు దయ కాదు.

ప్రశ్న: అమ్మగారూ, పర్లాకిమిడి దగ్గర నాకు చిన్న జీడిపప్పు యూనిట్ ఉంది. పొట్టు తీసేవాళ్లు, రకాలు ఏరేవాళ్లు కలిపి 20 మంది ఆడవాళ్లు పనిచేస్తారు. వాళ్లలో కొందరు 50 దాటారు. రోజువారీ కిలోల లెక్క చూస్తే చిన్నవాళ్లకంటే వెనకబడుతున్నారు. ఇకపై తీసుకునేవాళ్లకు "35 లోపు" అని గేటు దగ్గర బోర్డు పెడదామని మా అల్లుడు అంటున్నాడు. పాతవాళ్లను నెమ్మదిగా తగ్గిద్దామంటాడు. నేను దుర్మార్గుడిని కాను. ఇది తప్పా?

జవాబు: దుర్మార్గులు నాకు ఉత్తరాలు రాయరు, వాళ్ల మీద నోటీసులు నేనే రాస్తాను. కాబట్టి నిశ్చింతగా చదవండి.

బోర్డు పెట్టినందుకు మిమ్మల్ని జైల్లో వేసే చట్టం ఇక్కడ లేదు. అమెరికాలో అయితే 1967 నుంచి 40 దాటినవారిని ఉద్యోగాల్లో కాపాడే చట్టం ఉంది. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టంలో వయసు కూడా ఉంది. అక్కడ ఇలాంటి బోర్డే సాక్ష్యమవుతుంది. ఇక్కడ చట్టం ఊరుకున్నా మీ డబ్బు ఊరుకోదు. అదెలాగో చెబుతాను.

మీరు కిలోలు లెక్కపెడుతున్నారు. జీడిపప్పు వ్యాపారంలో డబ్బు కిలోల్లో ఉందా, గుండులో ఉందా? 320 రకం అంటే పౌనుకు (దాదాపు 454 గ్రాములకు) 300 నుంచి 320 గుండు పప్పులు తూగాలి. 240 రకం అంటే 220 నుంచి 240. గుండు బద్దలయిందంటే ఒక ధర, ముక్కలయిందంటే ఇంకా కింది ధర, ఇది నాకంటే మీకే బాగా తెలుసు. నేను ఒక కేసు పని మీద ఇలాంటి షెడ్డులో ఒక పూట కూర్చున్నాను. ఎండబెట్టిన పప్పును పెద్దావిడ ఒకరు బొటనవేలి కొసతో ముందు ఒకసారి తడిమి చూసి, పొట్టు ఎక్కడ లేచి ఉందో అక్కడే చాకు మొన ఆనించేది. పొట్టు లేవకపోతే ఆ పప్పును పక్క చేటలో వేసేది, మళ్లీ వేడికి పెట్టడానికి. పక్కనున్న అమ్మాయి అన్నింటినీ ఒకే ఒరవడిలో గీకేస్తోంది. ఆ అమ్మాయి చేట నిజంగానే ముందు నిండింది. అందులో బద్దలు ఎన్నో ఎవరూ చూడలేదు, ఎందుకంటే అందరి పప్పూ ఒకే డబ్బాలో పోసి తూచేవారు.

పెద్దవాళ్లే గెలుస్తారని నేను పందెం కాయడం లేదు. ఒక నెలపాటు ఎవరి పప్పు వారికి వేరుగా తూచండి. గుండు ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత అని మనిషివారీగా రాయించండి. అప్పుడు ఎవరు ఖరీదైన పనిమనిషో, ఎవరు చవకో తేలుతుంది. 50 దాటిన వాళ్లలోనూ ఒకరు చురుకు, ఒకరు మందం. 25 ఏళ్ల వాళ్లలోనూ అంతే. వయసును బట్టి చేతి వేగం కొంత తగ్గడం నిజమే. చేతికి పట్టుబడిన పనితనం మాత్రం చాలాకాలం నిలుస్తుంది. పుట్టిన సంవత్సరం ఒక్కటీ చూసి ఈ రెంటిలో ఏది ఎవరిలో ఎంత ఉందో మీ అల్లుడు చెప్పలేడు.

ఇంకొక సంగతి కూడా ఆ షెడ్డులోనే చూశాను. ట్యూబులైటు వాళ్ల వీపు వెనక గోడకు ఉంది. ప్రతి మనిషి నీడా తన చేటలోనే పడుతోంది. 40 దాటాక దగ్గరి చూపు తగ్గడం అందరికీ వచ్చేదే, కంటిలోని కటకం గట్టిపడుతుంది. లైటు ముందుకు మార్చి, దగ్గరి చూపు కళ్లద్దాలు ఇప్పిస్తే ఆ ఏరుడు పనిలో ఎంత తేడా వస్తుందో చూడండి. నేల మీద బాసింపట్టు వేసుకుని ఎనిమిది గంటలు కూర్చోలేకపోవడం కూడా చేతకానితనం కింద జమకడుతున్నారు. బల్ల, పీట వేయించండి. అవి చిన్నవాళ్ల నడుములకూ మంచివే. బస్తాలు మోసే పని ఎవరి వంతుకు ఎలా వస్తోందో కూడా చూసుకోండి.

మీ దగ్గర ఎలక్ట్రానిక్ తూకం, ఫోనులో హాజరు లాంటివి వచ్చాయా? వచ్చి ఉంటే ఎవరికి నేర్పారు? చాలా చోట్ల చిన్నవాళ్లనే పిలిచి నేర్పి, ఏడాది తరువాత పెద్దవాళ్లకు రాదని రాస్తారు. నేర్పి చూడకుండా రాదని తేల్చవద్దు. షెడ్డులో మేస్త్రి "ముసలమ్మా, త్వరగా కానివ్వు" అంటుంటే మీరు వినీ విననట్టు ఉంటున్నారేమో అది కూడా ఆలోచించండి. మేస్త్రి మాటకు యజమాని నవ్వితే మిగతా షెడ్డంతా అదే మాట అందుకుంటుంది.

కొత్త కార్మిక కోడ్‌లతో పాటు 40 దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్షలు వచ్చాయి. మంచిదే. కానీ ఆ ఖర్చు తప్పించుకోవడానికి 40 దాటినవారినే తీసుకోకుండా ఉండే ఘనులు తయారవుతారని నా అనుమానం. మీ అల్లుడి చెవిన ఈ ఆలోచన ఇంకా పడకపోతే మీరు చెప్పకండి.

నెల లెక్క చూశాక కూడా ఒకావిడకు పొట్టు తీయడం కుదరడం లేదని తేలిందనుకోండి. నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి మాట్లాడండి, ప్యాకింగ్‌కో లెక్కకో మార్చగలరేమో చూడండి. పంపక తప్పదంటే పై ఉత్తరంలో చెప్పిన నోటీసు, పరిహారం మీకూ వర్తిస్తాయి. కిలోల మీద కూలి ఇస్తున్నాం కాబట్టి గ్రాట్యుటీ లేదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అలాంటివారికి చివరి మూడు నెలల సంపాదన సగటు తీసి లెక్క కడతారు. యూనిట్ సీజనులోనే నడిచేదైతే ఒక్కో సీజనుకు ఏడు రోజుల వేతనం.

ప్రశ్న: మేడమ్, మా నాన్నగారు రాయగడలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారు. చేరినప్పుడు గుత్తేదారు మనిషి ఉజ్జాయింపుగా 1966 జనవరి 1 అని రాసుకున్నాడట. గుణుపురం తెలుగు బడి ఇచ్చిన పత్రంలో 1969 ఆగస్టు ఉంది. 60 నిండాయంటూ ఇంటికి పొమ్మంటున్నారు. ఆధార్‌లో కూడా జనవరి 1 అనే ఉంది. ఏమైనా చేయగలమా?

జవాబు: మన పల్లెల్లో జనవరి 1న పుట్టినవాళ్లు ఇంతమంది ఉండటానికి కారణం గుమాస్తాలు, దేవుడు కాదు. మీ నాన్నగారికి మూడేళ్ల పైచిలుకు జీతం పోతోంది కాబట్టి అడగవలసిందే. కానీ ఆలస్యమయింది, అది మనసులో పెట్టుకోండి. ఉద్యోగం ముగింపులో పుట్టిన తేదీ మార్చమంటే కోర్టులు ఇష్టపడవు. ఇన్నేళ్లూ ఎందుకు అడగలేదన్నదే మొదటి ప్రశ్న. ఆయన ఇంతకుముందు ఎప్పుడైనా దరఖాస్తు ఇచ్చారేమో, పాత కాగితాల్లో వెతకండి. ఒక్క నకలు దొరికినా కథ మారుతుంది.

ఆధార్ చూసి భయపడవద్దు. వయసు తేల్చడానికి ఆధార్ కంటే బడి పత్రమే నమ్మదగినదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో చెప్పింది. గుణుపురం వెళ్లి ఆ బడి ప్రవేశాల రిజిస్టరులోని పేజీకి ధ్రువీకరించిన నకలు తీసుకోండి. పత్రం ఒక్కటే ఇస్తే నిన్న రాయించుకున్నారంటారు, రిజిస్టరును అలా అనలేరు. యాజమాన్యానికీ, గుత్తేదారుకూ విడివిడిగా దరఖాస్తు ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. పంపించే తేదీకి ముందే అది పడాలి. ఒక హెచ్చరిక: ఆధార్‌లో తేదీని హడావిడిగా ఇప్పుడు మార్పించి దాన్నే రుజువుగా తీసుకెళ్లవద్దు, ఉన్న బలం కూడా పోతుంది.

ప్రశ్న: గుణుపురంలో ప్రైవేటు బడిలో తెలుగు, లెక్కలు చెబుతాను. 55 నిండగానే మానేయమంటున్నారు. వంశధార వెంట కిందికి దిగి భామిని మండలానికి పోతే అక్కడి ప్రభుత్వ టీచర్లకు 62 దాకా ఉద్యోగం. ఇది వివక్ష కాదా?

జవాబు: ప్రభుత్వ ఉద్యోగుల వయసు ఏ రాష్ట్రం ఇష్టం ఆ రాష్ట్రానిది. ఒడిశా 2014లో 58 నుంచి 60 చేసింది. ఆంధ్ర అదే ఏడాది 60, తరువాత 2022లో 62 చేసింది. తెలంగాణలో 2021 నుంచి 61. ప్రాణహిత దాటి సిరొంచలో మహారాష్ట్ర ఉద్యోగి అయితే చాలామందికి 58. ఏరు దాటితే ముసలితనం మారుతుందా అని మీరు నవ్వుకోవచ్చు గానీ, దాన్ని కోర్టులో వివక్షగా నిలబెట్టలేం.

మీ బడి సంగతి వేరు. టీచర్లు కార్మికుల నిర్వచనంలోకి రారని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది కాబట్టి కార్మిక అధికారి దగ్గరికి వెళ్లి లాభం లేదు. గ్రాట్యుటీ మాత్రం మీకు ఉంది. 2009 సవరణతో ప్రైవేటు బడుల టీచర్లకు 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా ఆ హక్కు వచ్చింది, 2022లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 55 అన్నది మీ నియామక పత్రంలో మొదటి నుంచీ ఉందా, మధ్యలో ఎవరో కమిటీ మీటింగులో పెట్టారా అన్నది నాకు తెలియాలి. మొదటి నుంచీ ఉంటే కష్టం. మధ్యలో వచ్చిందైతే అడగవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. నియామక పత్రం, ఆ తీర్మానం నకలు రెండూ ఫొటో తీసి పత్రిక చిరునామాకు పంపండి. తీర్మానం నకలు ఇవ్వమంటే ఇవ్వకపోతే, అడిగిన ఉత్తరం నకలు పంపండి.